నస్రీన్ చేతులకు దస్తీ

1991 వానకాలం నాటికి నేను కామారెడ్డిలో పనిచేస్తున్నాను. స్టేషన్ రోడ్డు దగ్గర ఒక పిల్లల డాక్టరుగారి దవాఖానా ఉండేది. దాని వెనక రేకుల కప్పు వేసిన గది నాది. బోర్డు మీద స్పెషల్ ఎడ్యుకేషన్ అని రాయించుకున్నాను గానీ, ఊళ్లో నన్ను మొద్దు పిల్లల టీచరమ్మ అనేవాళ్లు. మొదట్లో ఆ మాట వింటే కోపం వచ్చేది. తర్వాత ఆ మాట అన్నవాళ్లనే కూర్చోబెట్టి వాళ్లకు చెమట పట్టేదాకా క్లాసు పీకడం మొదలుపెట్టాను. దాంతో నా ఎదురుగా అనడం మానేశారు.

నేను సికింద్రాబాదులో డిప్లొమా చదివి వచ్చాను. నా పనికి అప్పట్లో బిహేవియర్ మాడిఫికేషన్ అని పేరు. మందూ మాత్రా లేకుండా, పిల్లల చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చి వాళ్ల అలవాటును మార్చడమన్నమాట. ఆటిజం అనే పదం ఇంకా మా వైపు నలగలేదు. సర్టిఫికెట్ మీద పెద్దగా మెంటల్లీ రిటార్డెడ్ అని రాసి, కింద చిన్నగా ఆటిస్టిక్ ఫీచర్స్ అని తగిలించేవాళ్లు. ఆ కింది ముక్కను తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పేవాళ్లు కాదు. మాట రాకపోవడం, మనుషుల ముఖం చూడకపోవడం, ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తూ ఉండడం, ఇవన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. కొందరు పిల్లలు ఊగుతారు. కొందరు మూతలు తిప్పుతూ కూర్చుంటారు. ఇంకొందరు తమను తామే కొట్టుకుంటారు.

ఒక మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి రహీమా అనే ఆమె తన ఏడేళ్ల కూతురు నస్రీన్‌ను తీసుకొచ్చింది. ఆ పిల్ల రెండు మణికట్లనూ దగ్గరికి చేర్చి ఆకుపచ్చ దస్తీతో, అదే చేతిరుమాలుతో, కట్టేసి ఉన్నారు. ముఖం కంటే ముందు ఆ ముడి కనిపించింది నాకు. ఒళ్లు మండిపోయింది.

"ఇదేందమ్మా, పిల్లను దొంగను కట్టేసినట్టు కట్టేసినవ్?" అన్నాను.

రహీమా పిల్లను ఒళ్లోకి లాక్కుని, "విప్పుత అక్కా, నువ్వే చూడు" అంది.

విప్పింది. నస్రీన్ ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంది. చక్కటి పిల్ల, పెద్ద కళ్లు. కుడి కణత మాత్రం కమిలి ఉంది. ఊగుడు ఎక్కువైతే కొట్టుకోవడం మొదలవుతుందేమోనని భయపడి రహీమా పిల్ల వీపు నిమురుతూ, "బస్ బేటా, బస్" అంది. ఇక చాలు తల్లీ, ఆపు అని. పిల్ల ఊగడం ఆపి తలుపు వైపు చూసింది. తర్వాత కుడి అరచేయి లేచి కణత మీద ఫట్‌మని పడింది. మళ్లీ పడింది. ఆ చప్పుడుకు పక్క గదిలోంచి డాక్టరుగారు తొంగిచూశారు. నేనూ రహీమా కలిసి పట్టుకుంటే గానీ ఆ చెయ్యి ఆగలేదు.

దస్తీ మళ్లీ కట్టాక రహీమా చెప్పింది. "నిజామాబాద్ల కన్ను డాక్టర్ చూసిండు అక్కా. లోపల పొర పల్చగయిందట. గిట్లనే కొట్టుకుంటే పొర ఊడి కన్ను పోతదన్నడు. చేతులు కడితే కన్ను దక్కుతది, విప్పితే కన్ను పోతది. కట్టీ కట్టీ చేతులు చూడు, కట్టెపుల్లల్లెక్క అయినయ్. ఇప్పటిదాంక సొంతంగ బుక్కెడు తినలే. నువ్వు తిట్టు, పడత. కానీ ఏం జెయ్యాల్నో గూడ చెప్పు."

పిల్లకు కన్ను ఉండాలా, చేతులు ఉండాలా అని ఒక తల్లిని అడిగే పరిస్థితి రాకూడదు. కానీ వచ్చింది.

మా పనిలో మొదటి ప్రశ్న, ఎలా ఆపాలి అన్నది కాదు, ఎందుకు చేస్తోంది అన్నది. దాన్ని ఫంక్షన్ అంటాం. ఆ అలవాటుతో పిల్లకు ఒరిగేది ఏమిటి అని అర్థం. ఏదైనా నొప్పి ఉందా? ఇష్టం లేని పని తప్పించుకోవడానికా? కావాల్సింది దొరకడానికా? పంటి నొప్పి, చెవిపోటు లేవని డాక్టరుగారు చూసి చెప్పారు. నేను తల్లిని అడగడం మొదలుపెట్టాను. ఎప్పుడు ఎక్కువ కొట్టుకుంటుంది?

"అన్నం కాడ అక్కా. అందరం కూసోని తినేటప్పుడు మస్తు కొట్టుకుంటది. చుట్టాలొస్తే ఇగ అడగొద్దు. రంజాన్ల ఇఫ్తార్ కాడ అయితే ఇద్దరం పట్టినా ఆగలే."

అన్నం దగ్గర అనగానే ఊళ్లోవాళ్లంతా డాక్టర్లయిపోయారట. కడుపులో పురుగులన్నారు ఒకరు, పురుగుల మందు తాగించారు. దిష్టి అన్నారు, తావీజు కట్టించారు. మసాలా వాసన పడదన్నాడు ఒక పెద్దమనిషి. పాపం ఆ ఇంట్లో నెల రోజులు చప్పటి కూర తిన్నారు. సలహా ఇచ్చినవాళ్లు మాత్రం తమ ఇళ్లలో సుబ్బరంగా మసాలా తిన్నారు.

"మరి ఎప్పుడు కొట్టుకోదు?"

"వాళ్ల అబ్బా దుకాన్ల. బస్టాండ్ ఎదురుంగ సైకిల్ దుకానం మాది. ఆడ కూసుంటే చెయ్యే లేవది. ఇంట్ల ఆగకుంటే ఆడికే తీస్కపోతం."

ఇక్కడ నాకు సగం తీగ దొరికింది. కొట్టుకుంటే దుకాణానికి తీసుకుపోతున్నారు, అక్కడ ఆ పిల్లకు ఇష్టమైనదేదో ఉంది. అంటే కొట్టుకోవడానికి బహుమానం దొరుకుతోంది. మేము దాన్ని రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటాం. అన్నం దగ్గరే ఎందుకన్నది మాత్రం ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. గదిలో కూర్చుంటే తేలని సంగతి ఇంటికి వెళ్తే తేలుతుంది. ఆ ఆదివారం లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లాను.

ఇంట్లో రహీమా, ఆమె భర్త యూసుఫ్, యూసుఫ్ తల్లి ఉన్నారు. ముసలామెను అందరూ దాదీమా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఆమెకు నా మీద ఏమంత నమ్మకం లేదు. "సూది లేదు, గోలీ లేదు, నువ్వేం డాక్టర్‌వమ్మా?" అంది. అంటూనే అన్నం తినకుండా పోనిచ్చేది లేదని భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచింది. నేను చూడాలి కాబట్టి నస్రీన్ చేతులు విప్పి ఉంచారు. పిల్ల మూలన కూర్చుని నెమ్మదిగా ఊగుతోంది. అంతా ప్రశాంతంగా ఉంది.

ఆదివారం కాబట్టి తిరుగు ప్రయాణం సంగతి తెలుసుకుందామని, "యూసుఫ్ అన్నా, కామారెడ్డికి ఆఖరి బస్ ఎన్నింటికుంది?" అని అడిగాను.

నస్రీన్ ఊగడం ఆగింది. నా ముఖంలోకి సూటిగా చూసింది. అంతకు ముందు ఒక్కసారి కూడా చూడలేదు. లేచి గడప దగ్గరికి వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెట్టి నిలబడింది. మేమెవ్వరం కదల్లేదు. కాసేపు నిలబడి మా వైపు తిరిగింది. చెయ్యి లేచింది. రహీమా ఉరికింది. "బస్ బేటా, బస్, బస్!" ఆమె అన్నకొద్దీ దెబ్బ గట్టిగా పడింది. చివరికి యూసుఫ్ పిల్లను భుజానేసుకుని దుకాణం వైపు పరుగెత్తాడు.

ఇంతలో దాదీమా ఏమీ జరగనట్టు నా పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వేయబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, "బస్ దాదీమా, బస్ బస్" అన్నాను.

అన్నాక నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. దాదీమా కోడలి వైపు తిరిగి, "ఈమెక్కూడ ఏమన్న ఉన్నదా?" అని అడిగింది.

విషయం ఇంతే. వాళ్లింట్లో ఉర్దూ. చాలు అనడానికి బస్. రోడ్డు మీద పోయే బస్సు కూడా వాళ్ల నోట్లో బస్సే. మాటలు రాని ఆ పిల్లకు పట్టుబడింది ఒకే ఒక్క మాట, తనకు ప్రాణమైన ఎర్ర బస్సు పేరు. దుకాణంలో కూర్చుని ఆ పిల్ల చూసేది ఎదురుగా వచ్చిపోయే ఆ బస్సులనే. అన్నం దగ్గర ఒకరు వడ్డిస్తుంటే ఒకరు బస్ అంటారు. చుట్టాలొస్తే అందరూ బస్ బస్ అంటారు. ఇఫ్తార్ విందులో ఇక చెప్పనక్కర్లేదు. ప్రతిసారీ ఆ పిల్ల బస్సు వచ్చిందనుకుంటుంది. ఎవరూ లేవరు. ఆశపెట్టి లేవకపోతే ఎవరికైనా మండుతుంది, మాట లేని పిల్ల ఆ మంట ఎక్కడ చూపించాలి? కొట్టుకుంటుంది. ఆపడానికి తల్లి బస్ బస్ అంటుంది. చివరికి నిజంగానే బస్టాండ్ ముందుకు తీసుకెళ్తారు. ఆ పిల్ల వైపు నుంచి చూస్తే పిచ్చివాళ్లం మేమే.

అనుకోవడం వేరు, తేల్చుకోవడం వేరు. నస్రీన్ తిరిగి వచ్చాక, కణతకు నా చేతిని మెత్తగా అడ్డం పెట్టి పక్కన కూర్చున్నాను. "సాలు" అన్నాను. ఏమీ లేదు. "ఆగు" అన్నాను. ఏమీ లేదు. మెల్లగా "బస్" అన్నాను. తల తలుపు వైపు తిరిగింది, చెయ్యి లేచి నా చేతి మీద పడింది. కాసేపాగి మళ్లీ చూశాం, అంతే జరిగింది. ఇలా అలవాటును లేపే దాన్ని ట్రిగ్గర్ అంటాం. రహీమా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనే కొట్టిపిచ్చిన్నా అక్కా?" అంది.

"నువ్వు కాదమ్మా. రెంటికీ ఒకటే మాట పెట్టినోళ్లు ఎవరో, వాళ్లను తిట్టుకో" అన్నాను.

ఇంట్లో బస్ అనే మాట బందు చేయాలన్నాను. దాదీమా భగ్గుమంది. "పుట్టినప్పటిసంది అంటున్న. ఇప్పుడు నా జబాన్ మార్చుకోవాల్నా?" చాలు అనడానికి ఉర్దూలో కాఫీ అనే మాట కూడా ఉంది కదా, అది వాడదామా అని రహీమా అడిగింది. యూసుఫ్ తల అడ్డంగా ఊపాడు. "వద్దు, రేపటిసంది హోటల్‌కు తీస్కపోవాల్సి వస్తది" అన్నాడు. అంతా నవ్వారు. ఆ ఇంటివాళ్ల నవ్వు నేను వినడం అదే మొదటిసారి. చివరికి తెలుగు 'సాలు' ఖాయమైంది. దాదీమా మాత్రం రోజూ మరిచిపోయేది, మరిచిపోయి తన నోటి మీద తానే కొట్టుకునేది.

మాట ఆపితే సరిపోదు. ఊరంతా ఆ మాట అంటూనే ఉంటుంది. బస్సు కావాలనుకోవడం తప్పేం కాదు, అడిగే దారి ఆ పిల్లకు తెలియదు, అంతే. అందుకని ఒక పాత టికెట్టును అట్టముక్కకు అతికించి మేకుకు తగిలించాం. నేను నస్రీన్ వెనక కూర్చుని, తన చేతిని నా చేత్తో పట్టుకుని ఆ అట్ట తీయించి రహీమా చేతిలో పెట్టించేదాన్ని. పెట్టిన వెంటనే బస్టాండ్‌కు తీసుకెళ్లాలి. కొట్టుకుంటే మాత్రం తీసుకెళ్లకూడదు. కోప్పడకూడదు, బతిమాలకూడదు. కణతకూ అరచేతికీ మధ్య దూది నింపిన చిన్న మెత్త పెట్టి, మాట్లాడకుండా ఉండాలి.

ఇక్కడే నా ప్రాణం మీదికి వచ్చింది. మొదట్లో కొట్టుకోవడం తగ్గకపోగా పెరిగింది. మూడో నాడే రహీమా కామారెడ్డి వచ్చేసింది. "నీ వైద్యం వద్దక్కా. మెత్త ఒక్కసారి జారితే కన్ను పోతది. దస్తీ కట్టుకుంట, సచ్చేదాంక నేనే తినిపిస్త" అని గదిలో నిలబడే ఏడ్చింది.

ఇది ముందే తెలిసిన సంగతే. ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటాం. బోరింగు కొడితే నీళ్లు రాలేదనుకోండి, వదిలేసే ముందు ఇంకా నాలుగుసార్లు గట్టిగా కొడతాం కదా, అదే. ఆమెకు ఇదే చెప్పాను. పుస్తకంలో చదివినప్పుడు ఆ పేజీలో ఎవరి కన్నూ లేదు. ఇక్కడ ఉంది. ఆమెను ఒంటరిగా పంపడానికి మనసొప్పక, డాక్టరుగారికి చెప్పి సెలవు పెట్టి, ఆమెతోపాటే బస్సెక్కాను.

ఆ వారమంతా వాళ్లింట్లోనే ఉన్నాను. మెత్త ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతుండేది. నస్రీన్ అరచెయ్యి దూది మీద పడిన ప్రతిసారీ మెత్త జారలేదు కదా అని చూసుకునేదాన్ని. దేవుణ్ణి ఎన్నిసార్లు తలుచుకున్నానో చెబితే డిప్లొమా వెనక్కి తీసుకుంటారు.

ఒక పొద్దున రహీమా పొయ్యి దగ్గర ఉంది, నేను పెరట్లో ఉన్నాను. దాదీమా మంచం మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. నస్రీన్ లేచింది. ఎవరూ చెయ్యి పట్టలేదు. మేకు నుంచి అట్ట తీసి దాదీమా ఒళ్లో పెట్టింది. పెట్టి నిలబడింది. చెయ్యి పక్కన వేలాడుతూనే ఉంది.

"కోడలా! టికెట్ ఇచ్చింది! నాకిచ్చింది!" అని దాదీమా కేకేసింది. నేను ఉరికొచ్చేసరికి ఆమె బుర్ఖా తలకిందులుగా వేసుకుంటోంది. ఎడమ కాలికి తన చెప్పు, కుడి కాలికి కొడుకు చెప్పు. ఆ చెప్పులతోనే పిల్లను తీసుకుని బజారు మీదుగా బస్టాండ్‌కు పోయింది. వెనక్కి వచ్చాక నన్ను చూసి, "గోలీ లేకుంట పని జేసినవ్ పో" అంది. నేను గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాను. అన్ని రోజుల భయం ఒక్కసారిగా దిగిపోతే ఎంత తేలికగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అక్కడి నుంచి పని సాఫీగా సాగింది. ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. చేతులు విప్పేసి ఉంచితే నస్రీనే దస్తీ తెచ్చి, మణికట్లు చేర్చి, కట్టమని ముందుకు చాపింది. ఏళ్లుగా కట్టి ఉంచితే కట్టులోనే ధైర్యం ఉంటుంది కాబోలు. రహీమా అది చూడలేక మొహం తిప్పుకుంది. ఒక్కసారిగా లాగేసుకోకుండా ముడి వదులు చేస్తూ వచ్చాం. తర్వాత ముడి లేకుండా చుట్టాం. ఆ తర్వాత ఊరికే చేతికిచ్చాం. కొంచెం కొంచెంగా తీసేయడాన్ని ఫేడింగ్ అంటాం. చివరికి ఆ దస్తీ ఏ మూల పడిందో కూడా ఎవరూ పట్టించుకోలేదు. టికెట్ ఇచ్చినా 'తిన్నాక' అంటే ఆగడం కూడా మెల్లగా నేర్పాం. ఆగడం కుదిరాక ముద్ద కలుపుకోవడం నేర్పాం. సగం అన్నం నేలపాలయ్యేది. ఆ మెతుకులు ఊడుస్తూ రహీమా పాటలు పాడుకునేది.

"మరి గా ఊగుడు?" అని దాదీమా అడిగింది. "అది గూడ మాన్పియ్యరాదు?"

"మాన్పించను దాదీమా. ఆమె ఊగితే మీకేం నష్టం? మీరు తస్బీ తిప్పుకుంటున్నరు, ఆమె ఊగుతుంది" అన్నాను. దెబ్బ తగిలే అలవాటు వేరు, చూసేవాళ్లకు నచ్చని అలవాటు వేరు. రెండోదాని జోలికి నేను పోను. దీని మీద నాతో పోట్లాడిన తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు.

చలికాలంలో నస్రీన్‌ను మళ్లీ నిజామాబాద్ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. చేతులు బాగుపడ్డాయి సరే, ఆ వారం రోజుల దెబ్బలకు లోపలి పొర ఏమైందో ఎవరికి తెలుసు?

డాక్టరు లైటు తీసి, "చేతులు పట్టుకోండమ్మా" అన్నాడు.

"పట్టుకునే పని లేదు సార్" అంది రహీమా. నస్రీన్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కొంచెం కొంచెంగా ఊగుతోంది. డాక్టరు ఆ ఊగుడుతోపాటే తనూ ఊగుతూ చాలాసేపు చూశాడు. లైటు ఆర్పాడు.

"పొర ఎక్కడిదక్కడే ఉంది. కొత్త దెబ్బేమీ లేదు. చేతులు ఇక కట్టకండి" అన్నాడు.

రహీమా వరండాలోకి వచ్చి గోడ పక్కన కూలబడింది. ఏడుస్తూ నవ్వింది. "ఇన్నేండ్లు అది అడుగుతనే ఉన్నదక్కా. మేం ఆపుతనే ఉన్నం" అంది. నా వృత్తి నాకు నేర్పిన పాఠాన్ని ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ తర్వాత ఎవరు ఏ పిల్లను తెచ్చి దీన్ని ఎట్లా మాన్పించాలని అడిగినా, ముందు ఆ పిల్ల ఏమడుగుతోందో చూసి రమ్మని వెనక్కి పంపాను. కోప్పడి మళ్లీ రానివాళ్లున్నారు. చూసి వచ్చినవాళ్లలో చాలామంది జవాబుతోనే వచ్చారు.

ఇంతలో బయట బస్సు హారన్ మోగింది. నస్రీన్ లేచి, కూలబడి ఉన్న తల్లి దగ్గరికి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. రహీమా ఏడుపు ఆపి తన చేతి వైపు చూసుకుంది. ఈ పిల్ల పుట్టాక తన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారని నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం లేచి, కూతురు ఎటు లాగితే అటు నడిచింది.